ఉద్యోగం చేస్తూ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్ నేర్చుకోవాలంటే: కోచింగా, కోర్సా, పుస్తకమా, సొంత కోడా?

నల్గొండలోనూ మహబూబ్‌నగర్‌లోనూ 2023లో ఐటీ టవర్లు తెరుచుకున్నాయి. అంతకుముందే, కరోనా కాలం నుంచే, హైదరాబాద్, బెంగళూరు కంపెనీలకు ఇంటి నుంచి పనిచేసేవారు మన ఊళ్లలో కనబడుతున్నారు. మిర్యాలగూడ రైస్ మిల్లుల లెక్కలకు, జడ్చర్ల దుకాణాల బిల్లింగుకు సాఫ్ట్‌వేర్ రాసి బతికేవారూ ఉన్నారు. వీరిలో రెండు మూడేళ్ల అనుభవం ఉన్నవారు నన్ను తరచుగా అడిగే మాట ఇది: "అన్నా, జావా వచ్చు, స్ప్రింగ్ వచ్చు, ఇచ్చిన పని చేసేస్తున్నాను. కానీ ఏ క్లాస్‌లో ఏది ఉండాలో తేల్చుకోలేకపోతున్నాను. అమీర్‌పేట వెళ్లనా, ఆన్‌లైన్ కోర్సు తీసుకోనా, పుస్తకం కొననా?"

ప్రోగ్రాంను డేటా, దానితో చేసే పనులు కలిసిన ఆబ్జెక్టులుగా విడదీసి (ఒక్కో రకం ఆబ్జెక్టుకు నమూనాయే క్లాస్), ఏది ఎందులో ఉండాలో తేల్చడమే ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్. నా అభిప్రాయం ముందే చెప్పేస్తాను. ఉద్యోగం చేస్తున్నవారికి అన్నిటికంటే మంచి బడి రోజూ చేతిలో ఉండే కోడే. దానికి తోడు ఒక పుస్తకం, ఆ కోడ్ చదివి నిర్మొహమాటంగా మాట్లాడే ఒక మనిషి కావాలి. కోర్సులూ కోచింగూ వాటి తర్వాతే. అందరి పరిస్థితీ ఒకటి కాదు కాబట్టి ఒక్కో దారి ఏమిస్తుందో, ఏమి ఇవ్వలేదో వివరంగా చూద్దాం.

ముందు ఒక కొలబద్ద

దారులను పోల్చాలంటే డిజైన్ వచ్చిందని ఎలా తెలుస్తుందో ముందు తేల్చుకోవాలి. ఎన్‌క్యాప్సులేషన్ అంటే ఏమిటో, పాలిమార్ఫిజం అంటే ఏమిటో నిర్వచనాలు అప్పజెప్పడం దానికి కొలత కాదు. రాసిన ప్రోగ్రాంకు రేపు కొత్త అవసరం వచ్చి పడితే ఎన్ని చోట్ల చెయ్యి పెట్టాల్సి వస్తుందన్నదే అసలు కొలత. 1972లోనే కంప్యూటర్ శాస్త్రవేత్త డేవిడ్ పార్నాస్ ఈ సంగతిని ఒక వ్యాసంలో స్పష్టంగా చెప్పాడు: ప్రోగ్రాంను పని జరిగే వరుసను బట్టి ముక్కలు చేయవద్దు, మారే అవకాశమున్న ఒక్కో నిర్ణయాన్నీ ఒక్కో ముక్కలో దాచిపెట్టండి అని. ఓస్లోలో డాల్, నీగార్డ్ సిమ్యులా భాషతో ఆబ్జెక్టులకు ప్రాణం పోసింది 1960లలో. వాటిని ఎలా వాడుకుంటే మేలో చెప్పిన మాటల్లో నాకు ఇప్పటికీ అన్నిటికంటే పనికొచ్చేది పార్నాస్ మాటే.

మన ఊరి ఉదాహరణ ఒకటి తీసుకుందాం. ధాన్యం కొనుగోలు కేంద్రంలో రసీదు తయారుచేసే చిన్న ప్రోగ్రాం. రైతు పేరు, తూకం, తేమ శాతం, ధాన్యం రకం ఇస్తే రైతుకు రావాల్సిన మొత్తం చూపాలి. 2024-25 సీజన్‌కు కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన మద్దతు ధర సాధారణ రకానికి క్వింటాలుకు 2,300 రూపాయలు, ఏ గ్రేడ్‌కు 2,320. తేమ 17 శాతం దాటకూడదు. మామూలుగా ఎవరైనా ఏం చేస్తారు? 'రకం' అని ఒక ఫీల్డ్ పెట్టి, ఏ గ్రేడ్ అయితే ఈ ధర, కాకపోతే ఆ ధర అని ఇఫ్-ఎల్స్ రాస్తారు. ఇరవై క్వింటాళ్ల ఏ గ్రేడ్‌కు 46,400 వస్తుంది. ఇక్కడివరకు ఆ కోడ్‌లో తప్పేమీ లేదు. రెండే ధరలున్నప్పుడు దానికి నాలుగు క్లాసులు, ఒక ఫ్యాక్టరీ (ఆబ్జెక్టులను తయారుచేసి ఇచ్చే క్లాస్) కట్టడమే తప్పు.

ఇప్పుడు అవసరం మారుతుంది. 2024 వానాకాలం పంట నుంచి రాష్ట్ర ప్రభుత్వం సన్న వడ్లకు క్వింటాలుకు 500 రూపాయల బోనస్ ఇవ్వడం మొదలుపెట్టింది. ఏ గ్రేడ్ అంటే సన్నాలే కదా అనుకుని ఇఫ్ లోపలే 500 కలిపారో, రసీదులు తప్పుతాయి. మద్దతు ధరకు చూసే గ్రేడ్ ఒక లెక్క, బోనస్‌కు చూసే సన్నదనం ఇంకో లెక్క. గింజ పొడవు, వెడల్పు కొలిచి సన్నమో కాదో తేలుస్తారు. ఏ గ్రేడ్ ధర దక్కే గింజ అంతా సన్న రకం కాదు. అంటే 'రకం' అనే ఒక్క ఫీల్డ్‌లో రెండు వేర్వేరు ప్రశ్నలు ఇరుక్కుని కూర్చున్నాయి.

ఆ మరుసటి ఏడాది మద్దతు ధర 2,369, 2,389 అయింది. కోడ్‌లో అంకెలు మార్చేస్తే సరిపోతుందా? పోయిన ఏడాది రసీదును మళ్లీ ముద్రించమని రైతు అడిగితే కొత్త ధర పడుతుంది. తేదీ కూడా లెక్కలోకి రావాలి. ఇదే ప్రోగ్రాంను ప్రైవేటు మిల్లుకూ ఇద్దామనుకుంటే అక్కడ ధర బేరం మీద ఆధారపడుతుంది, తేమకు కోత వేరుగా ఉంటుంది.

ఇన్‌హెరిటెన్స్, అంటే ఒక క్లాస్‌లో ఉన్నవి ఇంకో క్లాస్‌కు వారసత్వంగా రావడం, ఒక్కటే తెలిసినవారు ధాన్యం అనే క్లాస్ కింద ఏ గ్రేడ్ ధాన్యం, సాధారణ ధాన్యం అని పిల్ల క్లాసులు పెడతారు. సన్నదనం రాగానే అవి నాలుగవుతాయి. కొనేది ప్రభుత్వమా ప్రైవేటా అనగానే ఎనిమిది. వాటిలో సగం కోడ్ ఒకదాని నుంచి ఇంకోదానికి అతికించినదే అవుతుంది. డిజైన్ తెలిసినవారు ధాన్యాన్ని ఒకే క్లాస్‌గా ఉంచి, ధరను బయటికి తీస్తారు. మద్దతు ధర ఒక ఆబ్జెక్ట్, బోనస్ ఒక ఆబ్జెక్ట్, కోత ఒక ఆబ్జెక్ట్. రసీదు వాటిని వరుసగా అడిగేది ఒక్కటే ప్రశ్న: "ఈ ధాన్యానికి, ఈ తేదీన, నీ వంతు ఎంత?" వచ్చిన జవాబులు కూడి కింద మొత్తం వేస్తుంది. రేపు ఇంకో పథకం వస్తే ఇంకో ఆబ్జెక్ట్ చేరుతుంది, రసీదు కోడ్‌ను ముట్టుకోనక్కర లేదు.

మొదటి తీరు నుంచి రెండో తీరుకు మిమ్మల్ని నడిపించగలదా లేదా అన్నదే ప్రతి దారికీ నేను పెట్టే పరీక్ష.

అమీర్‌పేట తరగతులు

నల్గొండ నుంచి వారాంతపు తరగతికి వెళ్లాలంటే పొద్దున్నే బస్సెక్కి ఎల్బీ నగర్‌లో దిగి, అక్కడి నుంచి మెట్రోలో అమీర్‌పేట చేరాలి. మహబూబ్‌నగర్ వారైతే ఎంజీబీఎస్‌లో దిగి అదే రెడ్ లైన్ మెట్రో పట్టుకోవాలి. రెండు ఊళ్లూ హైదరాబాద్‌కు దాదాపు వంద కిలోమీటర్ల దూరం. వెళ్లి రావడంతో సెలవు రోజు ఖర్చయిపోతుంది. ఫీజు కంటే నాకు ఈ ఖర్చే పెద్దదిగా కనబడుతుంది.

అమీర్‌పేట మీద నాకు గౌరవం ఉంది. మన జిల్లాల నుంచి వెళ్లిన వేలమంది పిల్లలకు ఇంజినీరింగ్ కాలేజీ నేర్పలేని ప్రోగ్రామింగ్‌ను నేర్పి, ఉద్యోగానికి సిద్ధం చేసింది ఆ వీధులే. భాష, ఫ్రేమ్‌వర్క్, డేటాబేస్ క్రమపద్ధతిలో నేర్చుకోవడానికి అది ఇప్పటికీ మంచి చోటు. డిజైన్ దగ్గరకు వచ్చేసరికి ఆ పద్ధతి సరిపోదు. నిండిన గదిలో బోర్డు మీద జంతువు క్లాస్, దాని కింద కుక్క, పిల్లి అని రాసి, ఒకటి మొరుగుతుంది, ఇంకోటి మ్యావ్ అంటుంది అని చూపిస్తే పాలిమార్ఫిజం అనే మాట అర్థమవుతుంది. కానీ ఆ జంతువుల ప్రోగ్రాంకు మరుసటి వారం కొత్త అవసరం ఎన్నడూ రాదు. అందుకే ఇన్‌హెరిటెన్స్ ఎప్పుడు వాడకూడదన్న ప్రశ్నే అక్కడ పుట్టదు. పైగా ఎనిమిది క్లాసుల చెట్టును కట్టే అలవాటు మొదలయ్యేది చాలామందికి ఆ బోర్డు దగ్గరే.

ఏ సంస్థలోనైనా చేరే ముందు ఒక్క విషయం అడగండి: విద్యార్థి రాసిన కోడ్‌ను ఎవరైనా వరుస వరుసా చదివి అభిప్రాయం చెబుతారా? అవునంటే, ఆ చదివే మనిషి ఎవరో తెలుసుకుని చేరవచ్చు. లేదంటే ఆ డబ్బుతో పుస్తకాలు కొనండి.

వీడియో కోర్సులు, ఎన్‌పీటెల్

ఐఐటీలు, ఐఐఎస్‌సీ కలిసి నడిపే ఎన్‌పీటెల్‌లో ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ అనాలిసిస్, డిజైన్ మీద ఐఐటీ ఖరగ్‌పుర్ పాఠాలున్నాయి. వినడానికి డబ్బు కట్టనక్కర లేదు, సర్టిఫికెట్ కావాలంటేనే పరీక్ష ఫీజు. వారం వారం అసైన్‌మెంట్ గడువు ఉండటం వల్ల చదువు వాయిదా పడదు. యూఎంఎల్ బొమ్మలు (డిజైన్‌ను గీసి చూపే పద్ధతి), యూజ్ కేసులు (వాడేవారు ప్రోగ్రాంతో చేయాలనుకునే పనులు), క్లాసుల మధ్య సంబంధాలు క్రమంగా పరిచయమవుతాయి. కాలేజీలో ఈ సబ్జెక్టును పరీక్ష కోసం మాత్రమే చదివి మరచిపోయినవారికి ఇది మంచి పునాది. ఆఫీసు సమావేశాల్లో సీనియర్లు వాడే మాటలకు అర్థం తెలుస్తుంది.

డబ్బిచ్చి కొనే రికార్డెడ్ కోర్సుల్లో ఎక్కువ భాగం ప్యాటర్న్‌కు ఒక వీడియో చొప్పున ఉంటాయి. తరచూ ఎదురయ్యే డిజైన్ చిక్కుకు పేరు పెట్టిన పరిష్కారమే ప్యాటర్న్. చూస్తున్నంతసేపూ అంతా తెలిసినట్టే ఉంటుంది. సమస్యను కూడా వీడియో చేసినవారే ఎంచుకున్నారు కాబట్టి జవాబు అందులో చక్కగా ఇమిడిపోతుంది. మన పనిలో కష్టమంతా జవాబు ఏ ప్యాటర్న్‌లో ఉందో తెలియకపోవడంలోనే ఉంది. తెలుగులో నాకు కనబడిన వీడియోలు చాలావరకు భాష ప్రాథమికాల దగ్గరే ఆగిపోతున్నాయి. డిజైన్ గురించి తెలుగులో లోతుగా చెప్పేవారు ఇంకా రావాలి. ఇది చదివేవారిలో ఎవరైనా ఆ పని మొదలుపెడితే నాకెంతో సంతోషం.

పుస్తకాలు: ఏది ముందు, ఏది తర్వాత

చాలామంది మొదట కొనేది 1994లో వచ్చిన 'డిజైన్ ప్యాటర్న్స్'. గామా, హెల్మ్, జాన్సన్, వ్లిసిడెస్ నలుగురూ కలిసి రాసిన ఆ పుస్తకంలో 23 ప్యాటర్న్‌లున్నాయి, ఉదాహరణలు సీ ప్లస్ ప్లస్, స్మాల్‌టాక్ భాషల్లో ఉంటాయి. గొప్ప పుస్తకమే, కానీ మొదటి పుటనుంచి చివరిదాకా వరుసగా చదవడానికి రాసింది కాదు. అవసరమైనప్పుడు తీసి చూసుకునే కోశం అది. మొదటి అధ్యాయాన్ని మాత్రం తప్పక చదవండి. ఇంటర్‌ఫేస్‌ను (ఆబ్జెక్ట్‌ను ఏమేమి అడగవచ్చో చెప్పే ఒప్పందాన్ని) నమ్ముకుని రాయాలనీ, వారసత్వం కంటే కూర్పుకు (ఆబ్జెక్టులను కలిపి వాడుకోవడానికి) మొగ్గు చూపాలనీ అక్కడ ఇచ్చిన సలహాలు మన ధాన్యం ఎనిమిది క్లాసుల చిక్కుకు సూటి జవాబు. ధరను బయటికి తీసి వేర్వేరు ఆబ్జెక్టులు చేశాం కదా, దాని మూలం ఆ పుస్తకంలో స్ట్రాటజీ అనే పేరుతో ఉంటుంది. ముందు చిక్కును అనుభవించి తర్వాత ఆ పేజీలు తెరిస్తే ఒక్కో వాక్యం వెలుగులా తోస్తుంది. చిక్కు పడకుండానే చదివినవారు మరుసటి రోజు నుంచి ప్రతి ఇఫ్‌నూ స్ట్రాటజీ చేయడానికి పూనుకుంటారు. ఆ కోడ్‌ను సరిచేయడం మొదటి ఇఫ్-ఎల్స్‌ను సరిచేయడం కంటే కష్టం.

దానికంటే ముందు చదవాల్సింది మార్టిన్ ఫౌలర్ 'రీఫాక్టరింగ్'. ప్రోగ్రాం చేసే పని మారకుండా కోడ్ అమరికను మెరుగుపరచడమే రీఫాక్టరింగ్. మొదటి ముద్రణ 1999లో జావా ఉదాహరణలతో వచ్చింది, రెండోది 2018లో జావాస్క్రిప్ట్‌తో. రెండింటిలోనూ మొదటి అధ్యాయం ఒక బిల్లు లెక్క. రకరకాల ధరలు కలగలిసిన ఒక పెద్ద ఫంక్షన్‌ను చిన్న చిన్న అడుగులతో, ప్రతి అడుగు తర్వాతా టెస్టులు నడుపుతూ, విడదీసి చూపిస్తాడు. ఉద్యోగికి ఈ పుస్తకం ఎందుకు ఎక్కువ ఉపయోగమంటే, మనకు ఖాళీ కాగితం మీద డిజైన్ గీసే అవకాశం అరుదు. ఎవరో రాసి వెళ్లిపోయిన కోడే ఎక్కువగా చేతికొస్తుంది. ఆ కోడ్ నుంచి మంచి డిజైన్ వైపు, పని ఆగకుండా, ఎలా నడవాలో చెప్పే పుస్తకం ఇదే. ఆ మొదటి అధ్యాయాన్ని చదివి ఊరుకోకుండా కంప్యూటర్ ముందు కూర్చుని ప్రతి అడుగునూ చేతితో చేయండి. ఆ తర్వాత ధాన్యం రసీదును అదే తీరులో మార్చి చూడండి.

పుస్తకాల ఇంగ్లీషు భారంగా అనిపించేవారికి 2004లో మొదట వచ్చిన 'హెడ్ ఫస్ట్ డిజైన్ ప్యాటర్న్స్' సులువు. బొమ్మలు, సంభాషణలతో సాగుతుంది, ఉదాహరణలు జావాలో ఉంటాయి. ముందు ఇన్‌హెరిటెన్స్‌తో చేసి, అది ఎక్కడ బెడిసికొడుతుందో చూపించి, అప్పుడు మార్గం చెబుతుంది. రూబీ తెలియకపోయినా ఫర్వాలేదు, శాండీ మెట్జ్ రాసిన 'ప్రాక్టికల్ ఆబ్జెక్ట్ ఓరియెంటెడ్ డిజైన్ ఇన్ రూబీ' కూడా చదవమంటాను. 2012లో వచ్చిన ఆ పుస్తకం చిన్నది. ఒక ఆబ్జెక్ట్ ఇంకో ఆబ్జెక్ట్‌ను ఏమడగాలి, ఎంతవరకు తెలుసుకోవాలి అన్నదాన్ని అంత నిదానంగా విడమరిచి చెప్పినవారు తక్కువ.

సాలిడ్ అనే అయిదు సూత్రాల గురించి ఒక మాట. ఇంటర్వ్యూల పుణ్యమా అని అందరూ వాటిని కంఠస్థం చేస్తున్నారు. వాటి వెనక ఉన్న ఆలోచనలు వేర్వేరు కాలాల్లో, వేర్వేరు మనుషుల నుంచి వచ్చాయి. మార్పుకు మూసి, చేర్పుకు తెరిచి ఉంచడమనేది బెర్ట్రాండ్ మేయర్ 1988లో చెప్పింది. పిల్ల క్లాస్ తల్లి క్లాస్ స్థానంలో నమ్మకంగా నిలబడాలనే ఆలోచన 1987లో బార్బరా లిస్కోవ్ ప్రసంగం నుంచి వచ్చింది. రాబర్ట్ మార్టిన్ వీటిని ఒకచోట చేర్చాడు. అయిదింటినీ ఒకే సాయంత్రం వల్లించకుండా, ఒక్కోదాన్ని ఒక నిజమైన కోడ్ పక్కన పెట్టి చూస్తేనే అవి ఒంటపడతాయి.

అలాంటి కోడ్ పైసా ఖర్చు లేకుండా మీ కంప్యూటర్‌లోనే ఉంది. జావాతో పాటే వచ్చే లైబ్రరీలో (సిద్ధంగా ఉన్న క్లాసుల సమూహంలో) స్టాక్ అనే క్లాస్ తెరిచి చూడండి. అది వెక్టర్ నుంచి వారసత్వం తీసుకుంది. స్టాక్ అంటే పైన పెట్టడం, పైనుంచి తీయడం మాత్రమే ఉండాలి. కానీ వెక్టర్ పిల్ల కాబట్టి మధ్యలో ఎక్కడైనా ఒక వస్తువును దూర్చవచ్చు, మధ్యలోంచి పీకేయవచ్చు. జావా అధికారిక పత్రాలే దాని బదులు డెక్ ఇంటర్‌ఫేస్‌ను వాడమని చెబుతాయి. అయినా పాత ప్రోగ్రాములు దాని మీద ఆధారపడి ఉన్నాయి కాబట్టి ఇన్నేళ్లుగా ఆ వారసత్వాన్ని తెంచలేకపోయారు. తొందరపడి పెట్టిన ఒక్క ఎక్స్‌టెండ్స్ (వారసత్వాన్ని ప్రకటించే జావా పదం) ఎంతకాలం వెంటాడుతుందో దీన్ని మించిన పాఠం నాకు తెలియదు. అలాగే పాత డేట్ క్లాస్‌నూ, 2014లో జావా 8తో వచ్చిన కొత్త తేదీల క్లాసులనూ పక్కపక్కన పెట్టి చదవండి. పాతదాన్ని సృష్టించాక కూడా లోపలి విలువ మార్చవచ్చు, కొత్తవాటిని మార్చలేము. రసీదు తేదీని ఎవరూ వెనక నుంచి మార్చకూడదంటే ఈ రెండింటిలో ఏది కావాలో మీకే తెలుస్తుంది.

ఆఫీసు కోడ్‌తో నేర్చుకోవడం

ఈ దారికే నా మొదటి ఓటు. ఫీజు లేదు, ప్రయాణం లేదు. అవసరాలు మారుతూనే ఉంటాయి, అవి కల్పించినవి కావు, వాటి ఫలితం మీరే అనుభవిస్తారు. అయితే పద్ధతి లేకుండా దిగితే ఉద్యోగానికే ముప్పు.

ఎక్కడ మొదలుపెట్టాలో గిట్ (కోడ్‌లో మార్పులను నమోదు చేసే సాధనం) చరిత్ర చెబుతుంది. గత ఏడాదిలో ఎక్కువసార్లు మారిన ఫైళ్ల జాబితా తీయండి. పైన కనబడే రెండు మూడు ఫైళ్లే మీ పాఠ్యపుస్తకం. ఎన్నేళ్లుగానో ఎవరూ ముట్టని ఫైలు ఎంత వికారంగా ఉన్నా వదిలేయండి, దాన్ని బాగుచేసినా లాభపడేవారు లేరు.

ఎంచుకున్న ఫైలును వెంటనే మార్చకండి. ముందు అది ఇప్పుడేం చేస్తోందో టెస్టులుగా రాయండి. ఇరవై క్వింటాళ్లు, ఏ గ్రేడ్, తేమ 16 శాతం ఇస్తే 46,400 వస్తోందా? రాసిపెట్టండి. తేమ సరిగ్గా 17 ఇస్తే ఏమవుతోంది? తూకం సున్నా ఇస్తే? వచ్చే జవాబు తప్పనిపించినా అప్పటికి దాన్నే నమోదు చేయండి, ఎందుకంటే ఆ తప్పు మీద కూడా ఎవరో ఆధారపడి ఉండవచ్చు. వీటిని క్యారెక్టరైజేషన్ టెస్టులు అంటారు. మైఖేల్ ఫెదర్స్ పాత కోడ్ గురించి 2004లో రాసిన పుస్తకంతో ఈ మాట బాగా ప్రచారమైంది. ఈ టెస్టులున్నాక మీ చేతులకు ధైర్యం వస్తుంది.

రీఫాక్టరింగ్ కోసమని మేనేజర్‌ను విడిగా సమయం అడిగితే ఎక్కువ చోట్ల దొరకదు. వచ్చిన టికెట్‌తో (అప్పగించిన పనితో) పాటే చేయండి. బోనస్ చేర్చమని పని వచ్చిందనుకోండి. ముందు ఒక కమిట్‌లో (గిట్‌లో విడిగా నమోదు చేసే ఒక మార్పులో) ధర లెక్కను బయటికి తీయండి, ప్రవర్తన ఏమాత్రం మారకూడదు. తర్వాతి కమిట్‌లో బోనస్ చేర్చండి, అదే ఇరవై క్వింటాళ్లు సన్నాలైతే 56,400 రావాలి. రెండింటినీ కలిపేస్తే రివ్యూ చేసేవారికి ఏది ఎందుకు మారిందో తెలియదు. ఈ ఒక్క క్రమశిక్షణ పాటిస్తే చాలు, ఆరు నెలల్లో మీ ఆలోచనా తీరు మారడం మీకే కనిపిస్తుంది.

ఈ దారికి ఉన్న పెద్ద లోటు ఒకటే. చుట్టూ మంచి కోడ్ లేకపోతే, మంచిది ఎలా ఉంటుందో తెలియకుండానే ఏళ్లు గడిచిపోతాయి. అందుకే పుస్తకం తోడుండాలి, మనిషి తోడుండాలి.

తోడుగా ఒక మనిషి

ఇంటి నుంచి ఒంటరిగా పనిచేసేవారికి అన్నిటికంటే కరువైంది ఇదే. హైదరాబాద్ ఆఫీసులో పక్క కుర్చీ సీనియర్ నుంచి టీ తాగుతూ నేర్చుకునే సంగతులు దేవరకొండలోనో వనపర్తిలోనో కూర్చున్నవారికి దొరకవు. కాబట్టి తోడును మనమే కూర్చుకోవాలి. ఊళ్లో ముగ్గురు డెవలపర్లు దొరికితే చాలు. వేర్వేరు కంపెనీల వారైతే ఆఫీసు కోడ్‌ను బయటికి తేవద్దు, అది ఉద్యోగ నియమాలకు విరుద్ధం. ధాన్యం రసీదు లాంటి చిన్న సమస్యను అందరూ రాసుకొచ్చి ఒకరిది ఒకరు చదవండి.

ఇలాంటి కూటమికి చక్కగా పనికొచ్చే పద్ధతి సీఆర్‌సీ (క్లాస్, రెస్పాన్సిబిలిటీ, కొలాబరేటర్) కార్డులు. కెంట్ బెక్, వార్డ్ కన్నింగ్‌హామ్ 1989లో దీన్ని పరిచయం చేశారు. ఒక్కో క్లాస్‌కు ఒక చిన్న అట్టముక్క: పైన పేరు, ఎడమవైపు అది చేయాల్సిన పనులు, కుడివైపు అది సాయం అడిగే ఇతర క్లాసులు. తలా ఒకటి రెండు కార్డులు పట్టుకుని, మీ చేతిలోని క్లాస్ మీరే అయినట్టు మాట్లాడాలి. రసీదు కార్డు పట్టుకున్నవారు మొదలుపెడతారు: "నాకు మొత్తం కావాలి. మద్దతు ధరా, నీ వంతు ఎంత?" ఆ కార్డు తిరిగి అడుగుతుంది: "గ్రేడ్ ఏమిటి, తేదీ ఏమిటి?" తర్వాత బోనస్ వంతు వస్తుంది. రసీదు గనక "ఇది సన్న రకమా కాదా అని నేను ముందు చూసి, అయితేనే నిన్ను పిలుస్తాను" అంటే, బోనస్ కార్డు చేతిలో ఉన్న చెల్లెలు వెంటనే పట్టుకుంటుంది: "అన్నా, సన్నమో కాదో చూడాల్సింది నేను కదా? ఆ సంగతి రసీదుకు ఎందుకు?" బాధ్యత ఎక్కడుండాలో ఆ క్షణంలో ముగ్గురికీ ఒకేసారి అర్థమవుతుంది. ఒక కార్డు మీద పనులు కింద వరకూ నిండిపోతే ఆ క్లాస్‌ను విడగొట్టాలని కళ్లకే కనబడుతుంది. నేను చూసిన పద్ధతుల్లో ఇంత చవకగా ఇంత లోతు నేర్పేది మరొకటి లేదు.

ఏఐ సహాయకులను మనిషి స్థానంలో పెట్టవచ్చా అని అడుగుతున్నారు. డిజైన్ చేసిపెట్టమని అడిగితే చూడముచ్చటైన క్లాసులు క్షణంలో వస్తాయి, ఎంచుకునే శ్రమ మాత్రం మీకు తప్పిపోతుంది. నేర్చుకునేది ఆ శ్రమలోనే. దాన్ని తిరగేసి వాడండి: మీరు రాసిన కోడ్ ఇచ్చి, ఈ ప్రోగ్రాంకు రేపు రాగల కొత్త అవసరాలు అయిదు చెప్పమనండి. వాటిలో ఒకదాన్ని మీరే అమలుచేసి ఎన్ని ఫైళ్లు మారాయో చూసుకోండి.

ఎవరికి ఏది

ఏడాది కూడా నిండని వారు ముందు భాషను గట్టిచేసుకోండి. డిజైన్ పుస్తకాలకు తొందర లేదు. ఎన్‌పీటెల్ కోర్సు ఒకటి వినండి, టెస్టులు రాయడం అలవాటు చేసుకోండి.

రెండు నుంచి అయిదేళ్ల అనుభవం ఉన్నవారికి ఆఫీసు కోడ్, 'రీఫాక్టరింగ్' పుస్తకం, నెలకు రెండుసార్లు కార్డులతో కూర్చునే చిన్న కూటమి. అమీర్‌పేట ప్రయాణం ఈ దశలో వద్దు.

సీనియర్ అయి ఇతరుల కోడ్ చూడాల్సిన స్థాయికి వచ్చినవారు ఇప్పుడు 'డిజైన్ ప్యాటర్న్స్' తెరవండి, లిస్కోవ్, పార్నాస్ వ్యాసాలు వెతుక్కుని చదవండి. జూనియర్ల కోడ్ రివ్యూ చేసేటప్పుడు ప్యాటర్న్ పేరు చెప్పి ఊరుకోకుండా, రేపు ఏ అవసరం వస్తే ఈ కోడ్ ఇబ్బంది పెడుతుందో చెప్పండి. అలా చెప్పలేకపోతే ఆ మార్పు అడగవద్దు.

పైథాన్ లేదా జావాస్క్రిప్ట్‌లో పనిచేసేవారు ఇదంతా జావా వారి గొడవ అనుకోవద్దు. ఇంటర్‌ఫేస్ అనే పదం రాయకపోయినా, "నీ వంతు ఎంత" అని అడిగితే జవాబు చెప్పే ఏ ఆబ్జెక్టయినా ఆ భాషల్లో చెల్లుతుంది. ఉదాహరణలను తమ భాషలోకి మార్చి రాసుకోవడమే వారికి మంచి అభ్యాసం.

నెల రోజుల్లో ఇంటర్వ్యూ ఉన్నవారి సంగతి వేరు. పార్కింగ్ స్థలం, లిఫ్టు, సినిమా టికెట్లు లాంటి సమస్యలు అడుగుతారు. అప్పుడు కాలపరిమితి పెట్టుకుని రోజుకొకటి రాయడమే దారి, వీడియోలు కూడా పనికొస్తాయి. అయితే రాయడం ముగిశాక ఆపేయకండి. ఇంటర్వ్యూ చేసేవారు చాలాసార్లు చివరి పావుగంటలో అవసరాన్ని మారుస్తారు: పార్కింగ్‌లో విద్యుత్ వాహనాలకు వేరే రుసుము అంటారు, టికెట్లకు పండుగ రోజు వేరే ధర అంటారు. కాబట్టి సాధనలో మీ స్నేహితుడితో అలాంటి మార్పు ఒకటి అడిగించుకోండి. అప్పటికే రాసిన క్లాసుల్లో ఎన్నింటిని తెరవాల్సి వచ్చిందో లెక్కపెట్టి, ఎక్కువైతే మరుసటి రోజు కొత్త సమస్యకు వెళ్లకుండా అదే సమస్యను మళ్లీ మొదటినుంచి రాయండి.